రోగిశయ్యపై వ్యాయామ చికిత్స

రోగి కదలక పరుండవలెను, వానిని ఎవరును లేపరాదు అనునది మన ఇండ్లలో పెద్దల మాట. రెండు మూడు దినముల జ్వరమునకు ఈ మాట చెల్లును. కాని వారములు, పక్షములు గడచు పెద్ద వ్యాధులలో కదలకుండుటయే వేరొక వ్యాధి యగునని వైద్యశాస్త్రము నేడు గ్రహించినది. కరోనా ప్రబలిన కాలమున ప్రాణాపాయ స్థితిలో నున్నవారికి సైతము పడకమీదనే అవయవములను కదలించు చికిత్స జరిగినది. దీనిని ఫిజియోథెరపీ అందురు. తెలుగున వ్యాయామ చికిత్స యనవచ్చును. ఇది ఏమి, ఏల, ఎట్లు అను మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పి, ఈ చికిత్సకును మన ఇంటిభాషకును గల సంబంధమును విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును తెలుపుట మా ఉద్దేశము.

వ్యాధి స్వరూపము

కరోనా వ్యాధి 2019 సంవత్సరాంతమున చైనాలోని వూహాన్ నగరమున బయటపడినది. మన దేశమున మొదటి రోగిని 2020 జనవరి 30వ తేదీన కేరళ రాష్ట్రమున గుర్తించిరి. అదే సంవత్సరము మార్చి 11వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని విశ్వవ్యాప్త వ్యాధిగా ప్రకటించినది. ఆ మార్చి నెలలోనే మన గౌరీబిదనూరులోను వ్యాధి కనబడినది.

సోకినవారిలో చాలమందికి జ్వరము, దగ్గు, ఒడలినొప్పులతోనే తీరిపోయినది. కొందరిలో మాత్రము అది ఊపిరితిత్తుల లోతునకు దిగినది. మన ఊపిరితిత్తులు కోట్లకొలది గాలిబుడగల సముదాయము. గాలిలోని ప్రాణవాయువు ఆ బుడగల పలుచని గోడలను దాటి రక్తమున చేరును. వ్యాధిచే ఆ గోడలు వాచి, బుడగలలో ద్రవము నిండినప్పుడు రోగి ఎంత ఎగపీల్చినను ప్రాణవాయువు చాలదు. అట్టివారిని ఐ.సి.యూ. అను తీవ్ర చికిత్సా విభాగమున చేర్చి, గొంతులోనికి గొట్టము పంపి, వెంటిలేటరు అను యంత్రముతో ఊపిరి ఆడింతురు. గొట్టమును ఓర్చుకొనుటకై మత్తుమందు ఇత్తురు. ఒక్కొక్కప్పుడు కండరములు కదలకుండ చేయు మందును గూడ ఈయవలసివచ్చును.

ఇట్టి విభాగములు పుట్టుటకు కారణము కూడ ఒక అంటువ్యాధియే. 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగెన్ నగరమున పోలియో చెలరేగి, ఊపిరి కండరములు చచ్చుపడినవారు అనేకులు మరణించుచుండిరి. ఇబ్సెన్ అను వైద్యుడు రోగి కంఠమున రంధ్రము చేసి, గొట్టము అమర్చి, రబ్బరు సంచిని చేతితో నొక్కి గాలి పంపు పద్ధతిని ప్రవేశపెట్టెను. యంత్రములు చాలనందున సుమారు 1,500 మంది విద్యార్థులు వంతులవారీగా రేయింబవళ్ళు ఆ సంచులను నొక్కిరి. ఎందరో బ్రతికిరి. ఊపిరి నిలుపుట అట్లు సాధ్యమైనది. నిలిచిన ప్రాణమునకు మరల నడచు శక్తి కలిగించుట తరువాతి కాలమునకు మిగిలిన పని.

పడక చేయు కీడు

వాడని కొడవలికి త్రుప్పు పట్టునట్లు వాడని కండరము క్షీణించును. తీవ్ర రోగములో ఈ క్షయము మిక్కిలి వేగముగా జరుగును. 2013లో లండనులోని పరిశోధకులు 63 మంది తీవ్ర రోగుల తొడ ముందుభాగపు కండరమును కొలిచి చూచిరి. పది దినములలో దాని అడ్డుకోత వైశాల్యము సగటున నూటికి 17.7 వంతులు తగ్గినది. నెలలతరబడి పొలములో పనిచేసి సంపాదించిన బలము పది దినములలో ఇంత కరగిపోవుననిన, పడక ఎంతటి శత్రువో ఊహింపవచ్చును.

కాలుసేతులు మాత్రమే కాదు. ఛాతికిని కడుపునకును నడుమ నుండి ఊపిరి పీల్చుటకు ముఖ్యాధారమైన ఉదరవితానము కూడ, యంత్రము తన పనిని చేయుచుండుటచే బలహీనపడును. అప్పుడు వ్యాధి తగ్గినను యంత్రమును తొలగించుట కష్టమగును. కీళ్ళు బిగిసికొనును. వీపున, మడమల యందు పుండ్లు లేచును. కాళ్ళ రక్తనాళములలో నెత్తురు గడ్డకట్టవచ్చును. కఫము ఊపిరితిత్తులలో నిలిచిపోవును. 2020 జూన్ నెలలో డెక్సామెథసోన్ అను మందు యంత్రముపైనున్న కరోనా రోగుల మరణములను తగ్గించునని ఇంగ్లండు దేశపు పరిశోధన తేల్చెను. ప్రాణము కాచు మందే యైనను, ఈ జాతి మందులకు కండరములను బలహీనపరచు గుణము కూడ కలదు. మందు మానరాదు, కండరమును విడువరాదు. ఈ రెంటి నడుమ వ్యాయామ చికిత్సకు చోటు ఏర్పడినది.

బోర్ల పరుండబెట్టుట

కరోనా కాలమున మనము పత్రికలలో చూచిన చిత్రములలో రోగులు బోర్ల పరుండియుండిరి. అది విశ్రాంతికై కాదు. వెల్లకిల పరుండినప్పుడు గుండె బరువు, కడుపు ఒత్తిడి ఊపిరితిత్తుల వెనుకభాగముపై పడి అచ్చటి గాలిబుడగలు మూసికొనును. రక్తప్రవాహము మాత్రము అచ్చటనే హెచ్చుగా నుండును. గాలి లేనిచోటికి రక్తము పోయి వట్టిచేతులతో తిరిగివచ్చును. రోగిని బోర్ల త్రిప్పినచో ఆ బుడగలు తెరచుకొని, గాలియు రక్తమును ఒకచోట కలియును. 2013లో ప్రకటితమైన ఫ్రాన్సు దేశపు పరిశోధనలో, ఊపిరితిత్తులు మిక్కిలి చెడిన 466 మందిలో కొందరిని దినమునకు కనీసము 16 గంటలు బోర్ల పరుండబెట్టిరి. 28 దినములలో వీరిలో మరణించినవారు నూటికి 16 మంది. వెల్లకిల నుంచినవారిలో నూటికి సుమారు 33 మంది.

యంత్రముపైనున్న రోగిని త్రిప్పుట ఒకరిద్దరి పని కాదు. వైద్యుడు, నర్సులు, వ్యాయామ చికిత్సకులు కలిసి అయిదారుగురు నిలువవలెను. గొంతులోని గొట్టము ఊడరాదు, నరములలోని సూదులు లాగికొనరాదు, కన్నులు ఒరసికొనరాదు. భుజము వంకరగా నుండిపోయినచో చేతి నరములు దెబ్బతినును. కావున తలను, చేతులను కొన్ని గంటలకొకసారి మార్చుచు, ఒత్తిడి పడుచోట్ల దిండ్లు పెట్టవలెను. ఈ జాగ్రత్తలలో వ్యాయామ చికిత్సకుని పాలు పెద్దది.

చికిత్సలోని మెట్లు

ఈ చికిత్స ఒక్కసారి జరుగునది కాదు. బడిలో అక్షరములు, గుణింతములు, వాక్యములు వచ్చినట్లే ఇందును మెట్లు కలవు.

మొదటి మెట్టున రోగి మత్తులో నుండును. చికిత్సకుడే ఆతని వ్రేళ్ళు, మణికట్లు, మోచేతులు, మోకాళ్ళు, చీలమండలు మెల్లగా వంచి చాచును. పాదములు క్రిందికి వ్రేలాడి బిగిసిపోకుండ ఆధారము పెట్టును.

రెండవ మెట్టున మత్తు తగ్గింతురు. రోగి కన్ను తెరచును. చేయి పట్టుకొమ్మనినచో పట్టుకొనును, కాలు ఎత్తుమనినచో ఎత్తజూచును. ఇక్కడినుండి పని రోగిది, సాయము చికిత్సకునిది.

మూడవ మెట్టు మంచపు అంచున కాళ్ళు వ్రేలాడవేసి కూర్చుండుట. మనకు ఇది పనియే కాదు. అట్టి రోగికి తలను నిలుపుటయే గొప్ప శ్రమ. తరువాత నిలుచుట, నిలిచినచోటనే అడుగులు వేయుట, చివరకు నాలుగడుగులు నడచుట. మన విదురాశ్వత్థమున నాగప్రతిష్ఠల చుట్టు ప్రదక్షిణము చేయువారు అడుగులు లెక్కింపరు. ఈ రోగికి మాత్రము ప్రతి అడుగును లెక్కలోనిదే.

కఫము హెచ్చుగా నుండి దగ్గలేనివారికి దానిని వెలికి తెచ్చు పద్ధతులు వేరుగా కలవు. కాని కరోనాలో పలువురికి పొడిదగ్గే యుండును. పైగా దగ్గించినప్పుడు రోగాణువులు గాలిలో చిందును. కావున ఆ పద్ధతులను అవసరమైనవారికే, నిండు రక్షణదుస్తులు ధరించి, చేయవలెనని 2020 మార్చి నెలలోనే పలుదేశముల చికిత్సకులు కలిసి మార్గదర్శక సూత్రములు వ్రాసిరి.

మోతాదు

వ్యాయామము మంచిదైనచో ఎంత హెచ్చిన అంత మంచిది గదా యని కొందరు తలపవచ్చును. అది సరికాదు. 2009లో అమెరికాలో యంత్రముపైనున్న 104 మందిపై జరిగిన పరిశోధనలో, మొదటి దినములనుండియే వ్యాయామము చేయించినవారిలో నూటికి 59 మంది ఆసుపత్రి విడుచునాటికి తమ పనులు తాము చేసికొనగలిగిరి. సామాన్య పద్ధతిలో నున్నవారిలో నూటికి 35 మందియే అట్లు చేయగలిగిరి. కాని 2022లో 750 మందిపై జరిగిన వేరొక పరిశోధనలో, వాడుకలోనున్న వ్యాయామముకంటె మిక్కిలి హెచ్చుగా చేయించుటవలన అదనపు ప్రయోజనము కనబడలేదు. గుండె లయ తప్పుట, రక్తపు ఒత్తిడి మారుట వంటి చిక్కులు మాత్రము హెచ్చినవి.

ఈ రెండును ఒకదానికొకటి విరోధములు కావు. మందునకు మోతాదు ఉన్నట్లే వ్యాయామమునకును మోతాదు కలదని రెండును కలిసి చెప్పుచున్నవి. కావుననే చికిత్సకుడు ఒక కన్ను రోగిపైనను, ఒక కన్ను నాడిని, రక్తపు ఒత్తిడిని, ప్రాణవాయువును చూపు తెరపైనను ఉంచును. అంకెలు హద్దు దాటినచో వెంటనే విరమించును.

బాలసుబ్రహ్మణ్యముగారి చివరి దినములు

తెలుగువారికిని కన్నడిగులకును సమానముగా ఆప్తుడైన గాయకుడు శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యముగారు. తెలుగున శంకరాభరణమునకును, కన్నడమున గానయోగి పంచాక్షరి గవాయి చిత్రమునకును ఆయన జాతీయ పురస్కారములు పొందిరి. 2020 ఆగస్టు 5వ తేదీన ఆయన కరోనాతో చెన్నపట్టణములోని ఎం.జి.ఎం. ఆసుపత్రిలో చేరిరి. 13వ తేదీ రాత్రి స్థితి విషమించినది. వెంటిలేటరునకు తోడు ఎక్మో అను యంత్రమును గూడ అమర్చిరి. ఇది రక్తమును శరీరమునుండి వెలికి తీసి, ప్రాణవాయువు కలిపి, మరల లోనికి పంపు యంత్రము.

ఆ స్థితిలోను ఆయనకు వ్యాయామ చికిత్స జరిగినది. సెప్టెంబరు నెలలో ఆసుపత్రివారును, ఆయన కుమారుడును వెలువరించిన ప్రకటనలలో ఆయన మెలకువతో నున్నారనియు, వ్యాయామమున పాల్గొనుచున్నారనియు, వైద్యులు ఆయనను ఒక్కొక్కమారు 15 నుండి 20 నిమిషములవరకు కూర్చుండబెట్టుచున్నారనియు ఉండెను. జీవితమంతయు ఊపిరితో పనిచేసిన ఆ మహనీయుడు మరల ఊపిరి సాధనకు పూనుకొనుట చదివి ఎందరో ఆశపడిరి. కాని నెలాఖరున స్థితి మరల విషమించి, సెప్టెంబరు 25వ తేదీన తమ 74వ ఏట ఆయన కన్నుమూసిరి.

చికిత్స వ్యర్థమైనదా? కాదని మా అభిప్రాయము. ఏ చికిత్సయు అందరిని బ్రతికింపలేదు. బ్రతుకునకు అవకాశమున్నంతవరకు శరీరమును సిద్ధముగా నుంచుట దీని ధర్మము. అంతకుమించి, యంత్రముల నడుమ పరుండిన మనుష్యుని వస్తువువలె గాక మనుష్యునివలె లేపి కూర్చుండబెట్టి పలుకరించు చికిత్స ఇది.

అయిదు ఆజ్ఞలు

ఇక మన విషయమునకు వత్తుము. రోగి కండరబలము కొలుచుటకు ముందు, ఆతడు నిజముగా మేలుకొని మాట గ్రహించుచున్నాడా యని చికిత్సకుడు తెలిసికొనవలెను. 2002లో ఫ్రాన్సు దేశపు వైద్యులు ప్రకటించిన పద్ధతిలో దీనికి అయిదు ఆజ్ఞలు కలవు. కన్నులు తెరచి మూయుము. నావైపు చూడుము. నోరు తెరచి నాలుక చాపుము. తల ఊపుము. నేను అయిదు లెక్కించిన పిమ్మట కనుబొమలు ఎత్తుము. రోగి వీనిని పాటించినచో, తరువాత కాలుసేతులలోని 12 కండర సమూహములను ఒక్కొక్కదానికి 0 నుండి 5 వరకు మార్కులు వేసి కొలుతురు. పరీక్షవలె మొత్తము 60 మార్కులు. 48కి తగ్గినచో తీవ్ర చికిత్సలో కలిగిన బలహీనతగా నిర్ణయింతురు.

విద్యార్థులారా! ఆ అయిదు ఆజ్ఞలు ఏ భాషలో వినబడవలెనో ఆలోచింపుడు. ఈ సరిహద్దు ప్రాంతమున ఇంట తెలుగు, కచేరీలో కన్నడము. సంతకును బడికిని పోవువారికి రెండును వచ్చును. ఇల్లు దాటని ముసలమ్మకు కన్నడము అంతంతమాత్రమే. మత్తు దిగుచున్న వేళ, గొంతున గొట్టముతో బదులు పలుకలేని వేళ, ముఖములన్నియు ముసుగులలో నున్న వేళ, మనుష్యునకు ముందుగా అందునది పుట్టినింటి మాటయే. కన్నడమున నోటిని 'బాయి' యందురు. మన పల్లెల తెలుగున బాయి యనగా నీటి బావి. కన్నడమున కనుబొమ 'హుబ్బు'. మన చెవికి అది వాపును చెప్పు 'ఉబ్బు' వలె వినబడును. ఆజ్ఞ తెలియక ఊరకున్న తల్లిని చూచి, ఈమెకు ఇంకను స్పృహ రాలేదని తలచుటకు అవకాశము కలదు. అప్పుడు మేలుకొన్న మనిషికి వ్యాయామము వాయిదా పడును. తప్పు రోగిదియు కాదు, చికిత్సకునిదియు కాదు. నడుమ ఒక మాట లోపించినది, అంతియే.

తక్కిన మందులు సూదిద్వారా రక్తమున చేరును, వానికి భాష అక్కరలేదు. వ్యాయామ చికిత్స మాత్రము మాటద్వారా రోగి మనస్సున చేరి, అచ్చటినుండి కండరమునకు పోవును. కరోనా వార్డులలో బంధువులకు ప్రవేశము లేకుండెను గనుక ఆ మాట చెప్పుటకు ఇంటివారు ప్రక్కన ఉండుటకు వీలు కాలేదు.

మనము చేయదగినది

దీనికి ఉపాయము కష్టమైనది కాదు. రోగి మాతృభాష తెలుగని ఆసుపత్రిలో చేర్చునప్పుడే చెప్పి వ్రాయింపవలెను. రెండు భాషలలో ఒక చీటీ వ్రాసి నర్సు చేతికీయవలెను. రెండు లిపులు నేర్చిన మన విద్యార్థులకంటె ఈ పనికి తగినవారెవరు? మచ్చునకు కొన్ని మాటలను వాడుకలోనున్నట్లే ఇచ్చుచున్నాము. ఎడమప్రక్క తెలుగు, కుడిప్రక్క కన్నడము.

కండ్లు తెరవండి — కణ్ణు తెరెయిరి
నోరు తెరవండి — బాయి తెరెయిరి
నాలుక చాపండి — నాలిగె చాచి
కనుబొమలు ఎత్తండి — హుబ్బు ఎత్తి
గట్టిగా ఊపిరి పీల్చండి — జోరాగి ఉసిరు ఎళెదుకొళ్ళి
దగ్గండి — కెమ్మి
నొప్పి ఉందా? — నోవు ఇదెయా?
చాలు, ఆపండి — సాకు, నిల్లిసి

తెలుగు మాటలను కన్నడ లిపిలో వ్రాసినచో తెలుగు రాని నర్సు కూడ చదివి పలుకగలదు. 'ఐదు' అను మాట మాత్రము రెండు భాషలకును ఒకటియే గనుక దానిని వ్రాయ నక్కరలేదు.

తల్లిదండ్రులకు ఒక మనవి. తీవ్ర చికిత్సనుండి ఇల్లు చేరిన రోగిని ప్రేమచే మంచము దిగనీయకుండుట మేలు కాదు. ఆసుపత్రివారు చెప్పిన వ్యాయామమును వ్రాయించుకొని వచ్చి దినదినము చేయింపవలెను. భోజనము కూర్చుండి చేయనీయవలెను. కుర్చీనుండి లేచి మరల కూర్చుండుట, గోడ పట్టుకొని నడచుట వంటివి వైద్యుని అనుమతితో కొద్దికొద్దిగ పెంచవలెను. నడచుచు ఒక వాక్యమును ఆగక పలుకలేనిచో ఆ వేగము హెచ్చైనదని గుర్తు. ఛాతినొప్పి, తలత్రిప్పు, విడువని ఆయాసము కలిగినచో నిలిపి వైద్యునికి చూపవలెను. కొందరికి పూర్వబలము వచ్చుటకు నెలలు పట్టును. వారిని సోమరులని నిందింపరాదు.

2023 మే 5వ తేదీన ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించినది. అయినను ఈ పాఠము పాతబడలేదు. న్యుమోనియాచే, కట్లపాము కాటుచే, పురుగులమందు విషముచే ఊపిరి ఆగి వెంటిలేటరు పైకి పోవువారు పల్లెలలో నేటికిని కలరు. వారందరికిని ఈ చికిత్స అవసరమే. మన విద్యార్థులలో కొందరు ఈ విద్య నేర్చి, తెలుగును కన్నడమును సమానముగ పలుకుచు, ఏదో ఒకనాడు ఒక ముసలమ్మ చెవిలో "అమ్మా, ఊపిరి పీల్చు" అని చెప్పగలిగినచో, మేము చెప్పిన తెలుగు పాఠములకు అంతకంటె ఫలము వేరుగా అక్కరలేదు.

అభ్యాసము

1. రోగిని బోర్ల పరుండబెట్టుటవలన రక్తమునకు ప్రాణవాయువు హెచ్చుగా అందుటకు కారణమేమి?
2. 2009, 2022 పరిశోధనలు కలిసి తెలుపు నీతి ఏమి?
3. మందులకును వ్యాయామ చికిత్సకును గల భేదమేమి?
4. మీ ఇంటిలోని పెద్దలను అడిగి, పై చీటీకి మరి అయిదు మాటలు చేర్చి, రెండు లిపులలోను వ్రాయుడు.